బంగారు డబ్బా, స్టీలు కంచం

మీ ఇంట్లో వాడని వస్తువులు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నేను మొన్న శ్రావణ మాసంలో ఇల్లు దులుపుతూ లెక్కపెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. అటక మీద పెళ్లినాటి ఇత్తడి, స్టీలు సామాను రెండు గోనెసంచులు. బీరువాలో మడత నలగని పట్టుచీరలు ఐదు. షోకేసులో పింగాణీ కప్పుల సెట్టు ఒకటి, అడుగున ధర చీటీతో సహా. ఆ కప్పులు "ఎవరైనా వచ్చినప్పుడు" తీద్దామని కొన్నవి. ఈ పదిహేనేళ్లలో మా ఇంటికి వచ్చినవాళ్లు వందల మంది ఉంటారు. ఒక్కరూ ఆ "ఎవరైనా" కాలేకపోయారు. అందరికీ స్టీలు గ్లాసుల్లోనే కాఫీ ఇచ్చాను.

ఈ లెక్కలో ఒక వస్తువును కావాలనే రాయలేదు. దాని సంగతి చివర చెబుతాను.

మేముండేది చెంగిచెర్లలో. ఉప్పల్ దాటి, బోడుప్పల్ దాటి వస్తే మా ఊరు. ఆర్టీసీ డిపో ఉన్న ఊరని కొందరికి తెలుసు, మాంసం మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఉన్న ఊరని మరికొందరికి తెలుసు. మిగతావాళ్లకు "ఉప్పల్ దగ్గర" అని చెప్పుకుంటాం. ఒకప్పటి పొలాలు ప్లాట్లయి, ప్లాట్లు కాలనీలయ్యాయి. కాలనీలన్నాక దొంగల భయం తప్పదు కదా! వేసవి సెలవులొస్తే చాలు, ఊరెళ్లేవాళ్లు పోలీసులకు చెప్పి వెళ్లండని ప్రకటనలు వస్తాయి. ఆడవాళ్లం నలుగురం కలిస్తే మాట్లాడుకునేది నగలు ఎక్కడ దాచాలన్న సంగతే. ఒకావిడ బియ్యం డబ్బా అంటుంది. ఇంకొకావిడ కందిపప్పు డబ్బా అంటుంది. దొంగలు ముందు వంటింట్లోకే వెళ్తారని మూడో ఆవిడ అంటుంది. చివరికి అందరం కలిసి బ్యాంకు లాకరు దగ్గర ఆగుతాం.

అలా మాట్లాడుకుంటున్నప్పుడల్లా నాకు హైదరాబాదులో జరిగిన ఒక దొంగతనం గుర్తొస్తుంది. మీకూ గుర్తుండే ఉంటుంది. 2018 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి పాతబస్తీలోని పురానీ హవేలీలో, నిజాం మ్యూజియంలో దొంగలు పడ్డారు. ఇద్దరే ఇద్దరు. పైన వెంటిలేటరు ఊచలు తొలగించి, తాడు పట్టుకుని లోపలికి దిగారు. ఎత్తుకుపోయినవి ఏమిటనుకున్నారు? ఒక టిఫిన్ డబ్బా, ఒక కప్పూ సాసరూ, ఒక చెంచా. అన్నీ బంగారానివే. డబ్బా మూడు గిన్నెలది, వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగినది. డబ్బా ఒక్కటే దాదాపు రెండు కిలోలుంటుందని అప్పుడు పత్రికల్లో రాశారు. మనం నాచారం ఫ్యాక్టరీకో, ఉప్పల్ ఆఫీసుకో మధ్యాహ్నం పప్పన్నం కట్టి పంపించే క్యారియరుందే, సరిగ్గా అదే. బంగారంతో చేశారు, అంతే తేడా.

దొంగలు తెలివైనవాళ్లే. సిమ్ము లేని సెల్‌ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటించారట, పోలీసులు ఆ ఫోను కోసం వెతుక్కుంటారని. సరుకు తీసుకుని బొంబాయి వెళ్లారట, కొనేవాడి కోసం. అంత పేరున్న డబ్బాను కొనే ధైర్యం ఎవరికుంటుంది? తిరిగి వచ్చేశారు. వారం పది రోజుల్లోనే పట్టుబడ్డారు. సెప్టెంబరు 11న పోలీసులు ఆ వస్తువులన్నీ బల్లమీద పరిచి చూపించారు. అప్పుడు ఒక మాట చెప్పారు. అది విని ఊరంతా నవ్వింది. వాళ్లలో ఒకడు ఆ నాలుగు రోజులూ ఆ బంగారు డబ్బాలోనే భోజనం చేశాడట!

నేనూ నవ్వాను. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. అప్పటికి తొమ్మిదో తరగతి చదువుతోంది. "అమ్మా, ఆ డబ్బా చేసింది అన్నం తినడానికే కదా! దాన్ని డబ్బాలాగా వాడినవాడు ఆ దొంగ ఒక్కడేనేమో" అంది. "తప్పమ్మా, దొంగని మెచ్చుకోకూడదు" అన్నాను. అనడమైతే అన్నాను గాని, ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ మ్యూజియానికి నేను అంతకుముందే ఒకసారి వెళ్లాను. నిజం చెప్పొద్దూ, ఆ డబ్బాను చూసినట్టు నాకు గుర్తే లేదు. అక్కడున్నవి చాలావరకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు 1937లో రజతోత్సవాల సందర్భంగా వచ్చిన కానుకలు. వెండి, బంగారం, దంతం, చందనం. పది అద్దాల పెట్టెలు చూసేసరికి కళ్లు అలవాటుపడిపోతాయి. పదకొండో దాంట్లో ఏముందో పట్టదు. దొంగలెత్తుకుపోయాకే ఆ డబ్బా ఊరందరికీ కనిపించింది. పోతేనే తప్ప కనిపించని వస్తువులు మన ఇళ్లలోనూ ఉంటాయి. మనుషులూ ఉంటారు.

నాకు బాగా గుర్తున్నవి అక్కడి బట్టల బీరువాలు. ఏడో నిజాం తండ్రి మహబూబ్ అలీ ఖాన్‌వి అవి. వరుసగా 176 అడుగుల పొడవు, రెండంతస్తులు. పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. ఒకసారి వేసుకున్న బట్ట రెండోసారి వేసుకునేవాడు కాదని చెబుతారు. ఆయన కొడుకేమో ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో అమెరికా వాళ్ల 'టైమ్' పత్రిక ముఖచిత్రం వేసిన మనిషి. ఆయన మాత్రం ఒకే మాసిన టోపీతో ఏళ్లకేళ్లు గడిపాడని కథలు కథలుగా చెప్పుకుంటారు. తండ్రికి ఏ బట్టతోనూ ఒక్క రోజుకు మించి పరిచయం లేదు. కొడుక్కి కొత్త బట్టతో అసలు పరిచయమే అక్కర్లేదు. ఇద్దరిలో అనుభవించినవాడెవరో మీరే చెప్పండి.

తండ్రీకొడుకుల మధ్య ఒక వజ్రం కథ కూడా ఉంది. అదీ కోర్టుకెక్కిన కథే. 1891లో సిమ్లాలో నగల వ్యాపారం చేసే జాకబ్ అనే ఆయన మహబూబ్ అలీ ఖాన్‌కు ఒక పెద్ద వజ్రాన్ని అమ్మజూపాడు. దాదాపు 185 కేరట్లు, అంటే మన లెక్కలో మూడు తులాల పైచిలుకు బరువున్న రాయి. మధ్యవర్తి నిజాం దగ్గర కొలువు చేసే ఆల్బర్ట్ ఆబిద్. పేరు ఎక్కడో విన్నట్టుందా? మనం చీరలకూ, పుస్తకాలకూ వెళ్లే ఆబిడ్స్‌కు ఆ పేరొచ్చింది ఆయన దుకాణం వల్లనే. 46 లక్షలకు బేరం కుదిరింది. సగం డబ్బు ముందే కట్టారు. తీరా రాయి చూశాక నిజాం వద్దన్నాడు. ఇంగ్లీషు రెసిడెంటుకూ అంత ఖర్చు ఇష్టం లేదు. జాకబ్ డబ్బు తిరిగివ్వలేదు. మోసం కేసు కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. సాక్షాత్తూ నిజాం ప్రభువు కమిషన్ ముందు కూచుని సాక్ష్యం చెప్పాల్సొచ్చింది. అంతా చేసి కోర్టు జాకబ్ నిర్దోషి అంది.

కేసు గెలిచిన జాకబ్ బాగుపడ్డాడా అంటే అదీ లేదు. వ్యాపారం చితికిపోయి 1921లో బొంబాయిలో పేదవాడిగా పోయాడు. ఓడిన నిజాం దగ్గరికి చివరికి వజ్రం వచ్చింది. కాని అప్పటికే ఆ పేరు వింటేనే ఆయనకు మంట. ఆయన పోయాక కొడుక్కి అది చౌమహల్లా ప్యాలెస్‌లో తండ్రిగారి పాత చెప్పు ముందుభాగంలో దొరికిందని చెబుతారు. ఆ కొడుకు దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడు! 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలు 173 వస్తువులను 218 కోట్లిచ్చి కొన్నప్పుడు ఈ వజ్రమూ వాటిలోనే వచ్చింది. అప్పటి నుంచి రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంటోంది. ఎప్పుడో ఒకసారి ప్రదర్శన పెడితే మనలాంటివాళ్లు వరుసలో నిలబడి చూసి రావాలి. భూమిలో నుంచి తీసింది మొదలు ఆ రాయి ఎవరికీ ఆభరణం కాలేదు. చెప్పులో ఉంది, బల్లమీద ఉంది, ఇనప్పెట్టెలో ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకు వస్తాను. వస్తువు ఎవరిది? దాచుకున్నవాడిదా, వాడుకున్నవాడిదా?

చట్టం చెప్పే జవాబు మనకందరికీ తెలుసు. అది సరైన జవాబే. పాపం, డబ్బాలో అన్నం తిన్నాడు కదా అని దొంగను వదిలేస్తే రేపు మన మెడలో గొలుసుకు దిక్కుండదు. అయితే దొంగ నిజంగా ఆ డబ్బాను అనుభవించాడా అని ఆలోచిస్తే నాకు నమ్మకం కలగడం లేదు. తలుపులు వేసుకుని తిని ఉంటాడు. పక్కింటి వాళ్లను పిలిచి "రండి, భోంచేద్దాం" అనలేడు. బయట అడుగుల చప్పుడైతే ముద్ద గొంతులో ఆగిపోయి ఉంటుంది. బంగారు గిన్నెలో తిన్నా, మట్టి మూకుడులో తిన్నా ఆ భయానికి రుచి ఒకటే. ప్రభువు దాన్ని పెట్టెలో పెట్టించింది దొంగల భయంతో. దొంగ దానిలో తిన్నది పోలీసుల భయంతో. ఇద్దరికీ ఆ డబ్బా ఇచ్చింది భయమొక్కటే. అన్నం పెట్టాల్సిన గిన్నె భయం పెట్టింది.

డబ్బుకు దానం, భోగం, నాశం అని మూడే దారులు ఉన్నాయని భర్తృహరి ఏనాడో చెప్పాడు. బి.ఏ.లో మా తెలుగు మేడమ్ ఆ పద్యం చెబుతూ, "మొదటి రెండూ చెయ్యనివాడికి మూడోది తప్పదు" అని మా అందరి వంకా వేలు చూపించి బెదిరించేవారు. ఆయన కాలంలో బ్యాంకు లాకర్లు లేవు గాని, ఉంటే నాలుగో దారి కూడా చెప్పేవాడు. లాకరు అంటే ఏమిటి? ఇవ్వకుండా, అనుభవించకుండా, పోకుండా అట్టే పెట్టడం. పైగా దానికి ఏడాదికోసారి అద్దె కట్టడం.

ఏడో నిజాం విషయమే చూడండి. ఆయన దాచినవన్నీ ఖజానాల్లోనూ, అద్దాల పెట్టెల్లోనూ మూలుగుతున్నాయి. ఆయన హయాంలో 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే నేను బి.ఏ. పట్టా పుచ్చుకున్నాను. 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్ నీళ్లు ఈ ఊరు తరాల తరబడి తాగింది. ఆ డబ్బూ జనం కట్టిన శిస్తే అనుకోండి, కాదనను. కాని జనంలోకి తిరిగి వచ్చింది. దానికి ఏ దొంగా వెంటిలేటరు ఊచలు తొలగించలేడు. చెరువును ఎవడెత్తుకుపోతాడు?

అలాగని దాచుకోవడమే తప్పు అంటే నేను ఒప్పుకోను. ముఖ్యంగా ఆడవాళ్లు దాచుకుంటే నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మన అమ్మలకు, అమ్మమ్మలకు తమది అని చెప్పుకోవడానికి ఏముండేది? పొలం అన్నదమ్ములది. ఇల్లు మొగుడిది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు అన్న చట్టం మన ఆంధ్రప్రదేశ్‌లో 1985లో వచ్చింది. అదీ అప్పటికి పెళ్లికాని పిల్లలకే. దేశమంతటికీ రావడానికి 2005 దాకా పట్టింది. అంతవరకు ఆడదాని చేతిలో ఉన్నది పుట్టింటివాళ్లు పెట్టిన నాలుగు గాజులూ, రెండు వెండి సామాన్లే. రోగం వస్తే అవే. పిల్లవాడి ఫీజు కట్టాలన్నా అవే. మొగుడు కాదంటే నిలబడేదీ వాటి మీదనే. అది లోభం కాదు, ముందుచూపు. ఆపదకు దాచుకున్న గొలుసు పెట్టెలో ఉన్నా పని చేస్తున్నట్టే లెక్క. ఎందుకంటే దాని పని ధైర్యం ఇవ్వడం.

తేడా ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. దాచిన వస్తువు మనకు ధైర్యమిస్తే అది మనది. మనమే దానికి కాపలా కాస్తే మనం దాని మనుషులం.

ఇంత వేదాంతం చెబుతున్నాను గాని, నాకిది ఉస్మాన్ అలీ ఖాన్‌ను చూసి తెలియలేదు. లెక్కలో రాయలేదన్నానే, ఆ వస్తువు వల్ల తెలిసింది. అది మా అమ్మ వెండి కంచం.

మా అమ్మ పుట్టిల్లు గుడివాడ దగ్గర పల్లెటూరు. పెళ్లిలో వాళ్ల నాన్న పెట్టిన కంచం అది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఏనాడూ ఆవిడ దానిలో తినలేదు. ముందు నాన్నకు పెట్టేది. నాన్న పోయాక అల్లుడు వస్తే అల్లుడికి పెట్టేది. మిగతా రోజుల్లో పాత పంచె ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టేది. తను మాత్రం అంచు సొట్టపోయిన స్టీలు కంచంలో తినేది. మా దగ్గరికి వచ్చి ఉన్న చివరి రెండేళ్లూ అంతే. ఆ కంచం వెంట తెచ్చుకుంది గాని, బయటికి తీయలేదు.

ఒకరోజు మా పక్క వీధిలో దొంగలు పడ్డారు. మర్నాడే నేను నగలతో పాటు ఆ కంచం కూడా తీసుకెళ్లి లాకర్లో పెట్టేశాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆర్నెల్లకు జబ్బు చేసింది. నోటికి ఏదీ సహించేది కాదు. ఒక శుక్రవారం సాయంత్రం చారన్నం కలుపుతుంటే నా చెయ్యి పట్టుకుని, "ఏమే, నా కంచంలో పెట్టవే ఒకసారి" అంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. బ్యాంకు మూసేశారు. మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. "సోమవారం పొద్దున్నే తెస్తానమ్మా" అన్నాను. "పోనీలేవే, చారుకి స్టీలు కంచమే బాగుంటుంది" అంది నన్ను ఊరడిస్తున్నట్టు.

ఆవిడకి సోమవారం రాలేదు.

దొంగ పట్టుకుపోతాడని భయపడి దాచాను. దొంగ రాలేదు. అయినా ఆవిడ కంచం ఆవిడకు అందకుండా పోయింది. మరి తీసుకుపోయినవాళ్లెవరు? ఈ ప్రశ్నకు ఏ పోలీసు స్టేషన్లోనూ కాగితం రాయరు. సమాధానం నాకు తెలుసు.

మొన్న శ్రావణంలో లెక్కపెట్టడం అయ్యాక బ్యాంకుకు వెళ్లి కంచం తెచ్చేశాను. తెచ్చానే గాని, చూడండి నా బుద్ధి! మర్నాడు మా ఇంట్లో పనిచేసే ఆవిడ వచ్చే వేళకు ఆ కంచం నేనే కడిగి, తుడిచి, బీరువాలో పెట్టేశాను. ఎనిమిదేళ్లుగా నా ఇల్లు ఆవిడ చేతుల మీద నడుస్తోంది. అమ్మ చివరి రోజుల్లో పక్క దుప్పట్లు ఉతికింది ఆవిడే. ఇన్నేళ్లలో ఒక చెంచా పోయిందని అనుకునే అవసరం రాలేదు. అలాంటి మనిషిని చూసి కంచం దాచాను! నాలుగు రోజులు అలాగే గడిచింది. ఐదో రోజు మరిచిపోయి సింకులో వదిలేశాను. గుర్తొచ్చి వంటింట్లోకి పరుగెత్తేసరికి ఆవిడ దాన్ని చేతిలో పట్టుకుని చూస్తోంది.

"గిది పెద్దమ్మ పళ్లెం కదమ్మా" అంది. "సబ్బుతోని తోమద్దు, నల్లగయితది. జర విబూది ఉంటే ఇయ్యి, తోముత."

"నీకెలా తెలుసు?" అన్నాను.

"గామె చెప్పింది. మా నాయన పెట్టిండు అని చెప్పుకుంటనే ఉండె."

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ కంచం కథ అమ్మ నాకు చెప్పినదానికంటే ఆవిడకే ఎక్కువ చెప్పిందేమో! దేవుడి గూట్లో ఉన్న విబూది తెచ్చి ఇచ్చాను. వస్తువును దాచిపెడితే వస్తువు ఒక్కటే తుప్పు పట్టదు. చుట్టూ ఉన్న మనుషుల మీద మన నమ్మకం కూడా తుప్పు పడుతుంది. వెండికి విబూది ఉంది. దీనికి ఏం పెట్టి తోమాలో నేనింకా నేర్చుకోవాలి.

ఇప్పుడు ఆ కంచం వంటింట్లో స్టీలు కంచాల పక్కనే ఉంటుంది. మొదట్లో వరస పెట్టుకుందామనుకున్నాం గాని కుదరలేదు. ఎవరు ముందు కూచుంటే వాళ్లకే. మా అమ్మాయి ఉప్మా తింటూ చెంచాతో నాలుగు గీతలు పెట్టింది. మొదటి గీత చూసి ప్రాణం ఉసూరుమంది. రెండో గీతకు అలవాటైంది. పోయిన ఆదివారం పని ఆలస్యమై మా ఇంట్లోనే భోంచేస్తున్నప్పుడు పనిచేసే ఆవిడకు అందులో వడ్డించాను. "వద్దమ్మా" అంది ముందు. తరవాత తింది. చారుతోనే తింది.

షోకేసులో కప్పులు మాత్రం ఇంకా దించలేదు. ధర చీటీ కూడా అలాగే ఉంది. ఈ వారం మీరెవరైనా మా చెంగిచెర్ల వైపు వస్తే రండి. ఆ "ఎవరైనా" మీరే అవుదురు గాని.